తెలుగు ప్యాకేజీని అన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద ఆటోమేటిక్‌గా పరీక్షించడం: నా అనుభవం

తెలుగు పేర్ల జాబితాను వర్ణమాల వరసలో పేర్చే పైథాన్ ప్యాకేజీ ఒకటి హన్మకొండలో కొందరం కలిసి నడుపుతున్నాం. బడి రిజిస్టర్లు, గ్రంథాలయ పట్టికలు, పుస్తకం చివర వేసే పదసూచికలు, డీటీపీ షాపుల్లో అచ్చుకు వెళ్లే సభ్యుల జాబితాలు, ఇలాంటి చోట్ల దాన్ని వాడతారు. మాటను అక్షరాలుగా విడగొట్టే భాగం వేగం కోసం సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉంది, మిగతాదంతా పైథాన్. కోడ్ రాసేవాళ్లలో ఎక్కువమందిది ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం), వాడేవాళ్లలో ఎక్కువమందిది విండోస్. అందుకే కోడ్‌లో చేర్చే ప్రతి మార్పుకూ (కమిట్) ప్యాకేజీని లినక్స్, విండోస్, మ్యాక్ మూడింటి మీదా దానంతట అదే బిల్డ్ చేసి, ఇన్‌స్టాల్ చేసి, పరీక్షించే ఏర్పాటు, మా కోడ్ ఉండే గిట్‌హబ్ సైటు ఇచ్చే గిట్‌హబ్ యాక్షన్స్ అనే సేవలో చేశాం. అది ఎలా కుదిరింది, ఎక్కడెక్కడ ఎర్ర గుర్తు (పరీక్ష ఫెయిల్) పడింది, ఎందుకు పడింది అన్నది ఇక్కడ రాస్తున్నాను.

మూడు సిస్టమ్‌ల మీద పచ్చ గుర్తు తెచ్చుకోవడం పెద్ద కష్టం కాదు. పరీక్ష యంత్రంలో నాలుగు సెట్టింగులు మారిస్తే వచ్చేస్తుంది. ములుగులో టీచరు తన కంప్యూటర్‌లో ప్యాకేజీ ఎక్కించుకున్నప్పుడు మాత్రం ఆ నాలుగు సెట్టింగులు అక్కడ ఉండవు. కాబట్టి పరీక్ష యంత్రాన్ని వాడేవాళ్ల యంత్రంలాగే ఉంచి, మార్చాల్సిందేదో ప్యాకేజీలోనే మార్చాలన్నది మేము మొదటి నుంచీ పట్టుకున్న నియమం. కింద చెప్పే ప్రతి నిర్ణయానికీ కారణం అదే.

వరస ఎవరిది?

పేర్చే పనిని ఆపరేటింగ్ సిస్టమ్‌కే అప్పగించవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. అప్పగిస్తే మూడు చోట్ల మూడు రకాల ఫలితం వచ్చే వీలుంది. లినక్స్‌లో తెలుగు లొకేల్ (భాష, ప్రాంతపు సెట్టింగుల కట్ట) ఇన్‌స్టాల్ అయి ఉండాలి, లేకపోతే దాన్ని ఎంచుకునే సెట్‌లొకేల్ పిలవగానే ఎర్రర్ వస్తుంది. క్లౌడ్‌లో దొరికే ఉబుంటు యంత్రాల్లో అది మామూలుగా ఉండదు. విండోస్‌లో లొకేల్ పేరు రాసే పద్ధతే వేరు. పోనీ యూనికోడ్ ప్రమాణం ప్రతి అక్షరానికీ ఇచ్చిన సంఖ్యల ప్రకారం పేరుద్దామంటే ర తర్వాత వెంటనే ఱ, ల తర్వాత వెంటనే ళ వస్తాయి. మనం వర్ణమాల చెప్పుకునేటప్పుడు ఆ రెండూ హ తర్వాతే. అందుకని వరసను ఒక పట్టికగా రాసి ప్యాకేజీ లోపలే పెట్టాం. సిస్టమ్ లొకేల్‌ను ఎక్కడా ముట్టుకోం. దీనితో మూడు సిస్టమ్‌ల మధ్య రాగల తేడాల్లో పెద్ద వాటా మొదట్లోనే తగ్గిపోయింది.

పరీక్షకు ఏ పేర్లు

పరీక్ష డేటాగా మా చుట్టుపక్కల ఊళ్ల పేర్లే పెట్టుకున్నాం. అభిమానం ఒక్కటే కాదు, వాటిలో ప్రతి రకం చిక్కూ దొరుకుతుంది. ఇది అర్థం కావాలంటే బైట్ల లెక్క (బైటు అంటే 0 నుంచి 255 లోపు ఒక సంఖ్య) కొంచెం తెలియాలి.

యూనికోడ్‌ను ఫైళ్లలో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతం (అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు, ఇలా ఒక్కోటి) మూడు బైట్లు. మొదటిది ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177, మూడోది 128 నుంచి 191 లోపు. విండోస్‌లో పైథాన్ 3.14 దాకా, ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ (బైట్లను అక్షరాలుగా చదివే పద్ధతి) చెప్పకపోతే సిస్టమ్ కోడ్ పేజీని, అంటే ఏ బైటు ఏ అక్షరమో చెప్పే విండోస్ పట్టికను తీసుకుంటుంది. ఇక్కడి కంప్యూటర్లలో మామూలుగా ఉండే ఇంగ్లిష్ సెట్టింగ్‌లో అది విండోస్-1252. గిట్‌హబ్ విండోస్ యంత్రాల్లో కూడా అదే. ఆ కోడ్ పేజీలో అయిదు విలువలకు పైథాన్ ఏ అక్షరమూ ఇవ్వదు: 129, 141, 143, 144, 157. తెలుగులో కొమ్ము మూడో బైటు 129, పొల్లుది 141, ఏ 143, ఐ 144, ఝ 157.

ఇప్పుడు ఊళ్ల పేర్లు చూడండి. వరంగల్, హన్మకొండ, కరీంనగర్ మూడింటిలో పొల్లు ఉంది. ములుగు, వేములవాడల్లో కొమ్ము ఉంది. ఐనవోలు ఐతో, ఏటూరునాగారం ఏతో మొదలవుతాయి. ఈ పేర్లున్న ఫైలును విండోస్ మీద ఎన్‌కోడింగ్ చెప్పకుండా చదివితే 'చార్‌మ్యాప్ కోడెక్ ఈ బైటును చదవలేదు' అన్న ఎర్రర్‌తో ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ఆగిపోవడం మంచిదే, తప్పు కళ్ల ముందుకొస్తుంది. పరకాల, జనగామ, మంథని, కాజీపేట, భైంసా అలా కాదు. వీటిలో ఆ అయిదు విలువలూ ఎక్కడా రావు. ఎర్రర్ లేకుండానే ఫైలు చదువుతుంది, లోపలికి మాత్రం పిచ్చి అక్షరాలు వెళ్తాయి.

ఇంతకన్నా ప్రమాదం ఇంకొకటుంది. ప్రోగ్రామ్ అదే తప్పు కోడ్ పేజీతో చదివి, అదే కోడ్ పేజీతో తిరిగి రాస్తే బైట్లు యథాతథంగా బయటికొస్తాయి. అవుట్‌పుట్ ఫైలు తెరిచి చూస్తే చక్కటి తెలుగే కనిపిస్తుంది. మధ్యలో మన వరస పట్టికకు మాత్రం ఒక్క తెలుగు అక్షరం కూడా అందలేదు, కాబట్టి పేర్ల వరస తప్పు. అక్షరాలు బాగానే కనిపిస్తున్నాయి కాబట్టి ఎవరూ అనుమానించరు. అందుకే మా పరీక్షల్లో 'ఆగిపోయే' ఊళ్లతో ఒక జాబితా, 'ఆగకుండా చెడిపోయే' ఊళ్లతో ఒక జాబితా విడివిడిగా ఉన్నాయి. రెండో జాబితాలో ళ, ఱ ఉన్న పేర్లు కొన్ని కావాలనే కలిపాం. వరస తప్పితే అవే పట్టిస్తాయి.

మ్యాట్రిక్స్ ఎంత పెద్దది

ఏ సిస్టమ్ మీద ఏ వెర్షన్ నడపాలో చెప్పే పట్టికే మ్యాట్రిక్స్. మూడు సిస్టమ్‌లు, అయిదు పైథాన్ వెర్షన్లు అంటే పదిహేను జాబ్‌లు (ఒక్కో యంత్రం మీద ఒక్కో రన్). అన్నీ అక్కర్లేదు. లినక్స్ మీద అయిదు వెర్షన్లూ నడుపుతాం. విండోస్, మ్యాక్‌ల మీద అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా కొత్తది మాత్రమే. దానికి తోడు ఆర్మ్ (ఫోన్లలో ఉండే తరహా ప్రాసెసర్) మీద లినక్స్ ఒకటి. మొత్తం పది. పబ్లిక్ రిపోకు (అందరికీ కనిపించే కోడ్ నిల్వ) గిట్‌హబ్ మామూలు యంత్రాలు ఉచితమే అయినా, జాబ్‌లు ఎక్కువైతే పుల్ రిక్వెస్ట్ (తమ మార్పును చేర్చమనే అభ్యర్థన) పెట్టినవాళ్లు ఫలితం కోసం ఎక్కువసేపు ఎదురుచూడాలి.

వెర్షన్లు పాతవీ కొత్తవీ రెండూ ఉండాలనడానికి తెలుగులోనే మంచి ఉదాహరణ ఉంది. నకారపొల్లు యూనికోడ్ 14.0లో, అంటే 2021లో చేరింది. పైథాన్ 3.10లో ఉన్నది యూనికోడ్ 13.0 పట్టిక, 3.11లో ఉన్నది 14.0. ఒకే కోడ్ 3.10లో నకారపొల్లును 'కేటాయించని సంకేతం' అంటుంది, 3.11లో 'అక్షరం' అంటుంది. అక్షరమా కాదా అని పైథాన్‌ను అడిగే కోడ్ ఏదైనా ఇక్కడ రెండు జవాబులిస్తుంది. మేము తెలుగు సంకేతాల జాబితాను సొంతంగా పెట్టుకుని ఆ ప్రశ్న పైథాన్‌ను అడగడం మానేశాం.

సెట్టింగుల ఫైలులో మూడు విషయాలు తప్పనిసరి. వెర్షన్ నంబర్లను కోట్స్‌లో పెట్టాలి. కోట్స్ లేకుండా 3.10 అని రాస్తే ఆ ఫైలు రాసే యామల్ ఫార్మాట్ దాన్ని దశాంశ సంఖ్యగా తీసుకుని 3.1 చేస్తుంది, ఆ వెర్షన్ దొరకలేదని జాబ్ పడిపోతుంది. ఫెయిల్-ఫాస్ట్ అనే స్విచ్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, దాన్ని ఆఫ్ చేయాలి. లేదంటే విండోస్ జాబ్ పడగానే మిగతావన్నీ రద్దయిపోతాయి, తప్పు విండోస్‌దేనా అందరిదా అన్నది తెలియదు. జాబ్‌కు గడువు డిఫాల్ట్‌గా 360 నిమిషాలు. మా పరీక్షలకు పదిహేను చాలు కాబట్టి అదే పెట్టాం. ఎక్కడైనా ప్రోగ్రామ్ ఇరుక్కుపోతే ఆరు గంటలు అలాగే ఉండిపోకుండా ఆగుతుంది.

విండోస్ షెల్ దాచిపెట్టే ఫెయిల్యూర్

షెల్ అంటే కమాండ్లను నడిపే ప్రోగ్రామ్. విండోస్ యంత్రాల్లో కమాండ్లు డిఫాల్ట్‌గా పవర్‌షెల్‌లో నడుస్తాయి, లినక్స్, మ్యాక్‌లలో బాష్‌లో. పర్యావరణ వేరియబుల్ (ప్రోగ్రామ్‌లు చదివే సిస్టమ్ సెట్టింగ్) రాసే తీరు వేరన్నది వెంటనే తెలిసిపోతుంది. వెంటనే తెలియనిది వేరే ఉంది. ఒకే స్టెప్‌లో మూడు కమాండ్లు వరసగా రాస్తే, బాష్‌లో మధ్యది ఫెయిల్ అయినా స్టెప్ అక్కడే ఆగి ఎర్రగా మారుతుంది. పవర్‌షెల్‌లో బయటి ప్రోగ్రామ్ ఫెయిల్ అయినా తర్వాతి లైనుకు వెళ్లిపోతుంది, స్టెప్ ఫలితం చివరి కమాండ్ ఎగ్జిట్ కోడ్‌ను (నెగ్గిందో పడిందో చెప్పే సంఖ్య) బట్టే ఉంటుంది. పరీక్షలు నడిపే పైటెస్ట్ తర్వాత, కోడ్‌లో ఎంత భాగం పరీక్షకు వచ్చిందో చెప్పే కవరేజ్ రిపోర్ట్ కమాండ్ రాశారనుకోండి, పరీక్షలన్నీ పడిపోయినా రిపోర్ట్ బాగానే తయారవుతుంది, గుర్తు పచ్చగానే ఉంటుంది. మందు సులువు: షెల్ బాష్ అని పైనే ఒకసారి ప్రకటిస్తే మూడు సిస్టమ్‌లలోనూ ఒకే తీరు. విండోస్ యంత్రంలో, కోడ్ మార్పుల చరిత్ర ఉంచే గిట్‌తో పాటు బాష్ వస్తుంది. ఆ మార్పు చేశాక కావాలనే ఫెయిల్ అయ్యే పరీక్ష ఒకటి రాసి కమిట్ చేసి, పది జాబ్‌లూ ఎర్రబడ్డాయో లేదో చూడండి. ఇది ప్రతి కొత్త ఏర్పాటుకూ చేయాల్సిన పని.

యూటీఎఫ్-8 స్విచ్ వేయకండి

విండోస్ ఎర్రర్లు చూడగానే ఎవరైనా ఇచ్చే సలహా, పైథాన్ యూటీఎఫ్-8 మోడ్‌ను పర్యావరణ వేరియబుల్‌తో ఆన్ చేయమని. చేస్తే ఒక్క లైనుతో అన్నీ పచ్చబడతాయి. మేము చేయలేదు. ఆ వేరియబుల్ నర్సంపేటలో డీటీపీ షాపు కంప్యూటర్‌లో ఉండదు, అక్కడ ప్యాకేజీ పడిపోతూనే ఉంటుంది. పైథాన్ 3.15 నుంచి యూటీఎఫ్-8 డిఫాల్ట్ కావాలని పీఈపీ 686 (పైథాన్ మార్పుల ప్రతిపాదనల్లో ఒకటి) నిర్ణయించింది. అయినా పాత వెర్షన్లు షాపుల్లో ఇంకా చాలా కాలం ఉంటాయి.

సరైన దారి, ఫైలు తెరిచే ప్రతి చోటా ఎన్‌కోడింగ్ రాయడం. ఒక్కటి మరచిపోయినా పట్టుకునే మార్గం పైథాన్ 3.10 నుంచి ఉంది. 'డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ హెచ్చరిక' ఆప్షన్‌తో పైథాన్‌ను నడిపి, ఆ హెచ్చరికను ఎర్రర్‌గా లెక్కించమని పైటెస్ట్‌కు చెప్పాలి. ఇది లినక్స్ మీద కూడా పనిచేస్తుంది. అంటే విండోస్‌లో రాబోయే తప్పు ఉబుంటు లాప్‌టాప్‌లోనే, కమిట్ చేయకముందే బయటపడుతుంది. ఈ మొత్తం ఏర్పాటులో పెట్టిన శ్రమకు ఎక్కువ ఫలితమిచ్చింది ఇదే అని నా అభిప్రాయం.

అవుట్‌పుట్ సంగతి వేరు. విండోస్ కన్సోల్ తెర మీద తెలుగు ప్రింట్ చేస్తే పైథాన్ 3.6 నుంచి ఇబ్బంది లేదు. అదే అవుట్‌పుట్‌ను ఫైలులోకో ఇంకో ప్రోగ్రామ్‌లోకో మళ్లిస్తే మళ్లీ విండోస్-1252 వస్తుంది, అందులో తెలుగుకు చోటే లేదు కాబట్టి ప్రింట్ దగ్గరే ఎర్రర్. సీఐలో, అంటే ఈ ఆటోమేటిక్ పరీక్షల్లో, అవుట్‌పుట్ ఎప్పుడూ పైపు (ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి వెళ్లే దారి) గుండానే వెళ్తుంది కనుక ఇది మొదటి రన్‌లోనే కనబడుతుంది. చేత్తో తెర మీద చూసి సరే అనుకునేవాళ్లకు ఎన్నటికీ కనబడదు. మా కమాండ్ మొదలవగానే స్టాండర్డ్ అవుట్‌పుట్‌ను యూటీఎఫ్-8గా రీకాన్ఫిగర్ చేస్తుంది. దానికి పరీక్ష కూడా కమాండ్‌ను సబ్‌ప్రాసెస్‌గా (విడి ప్రోగ్రామ్‌గా) నడిపి, వచ్చిన బైట్లను నేరుగా పోల్చి చూస్తుంది.

ఇన్‌పుట్‌లో ఇంకొక చిక్కు బీఓఎం. ఎక్సెల్‌లో 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అని సేవ్ చేస్తే ఫైలు మొదట్లో కనబడని ఒక గుర్తు చేరుతుంది. మామూలు యూటీఎఫ్-8గా చదివితే ఆ గుర్తు మొదటి పేరుకు అతుక్కుంటుంది. దాని యూనికోడ్ సంఖ్య 65279, తెలుగు సంకేతాలన్నింటి కన్నా పెద్దది. కాబట్టి జాబితా మొదట్లో ఉన్న ఐనవోలు చివరికి పోయి కూర్చుంటుంది. చదివేటప్పుడు 'యూటీఎఫ్-8-సిగ్' వాడితే గుర్తు ఉన్నా లేకున్నా పనిచేస్తుంది. రాసేటప్పుడు మాత్రం దాన్ని వాడకూడదు, మనమే కొత్తగా గుర్తు చేర్చినట్టవుతుంది.

మ్యాక్, భైంసా

తెలుగులో ఒకే ఒక గుణింతపు గుర్తుకు యూనికోడ్‌లో రెండు రూపాలున్నాయి: ఐత్వం. ఒకే సంకేతంగా రాయవచ్చు, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు అని రెండు సంకేతాలుగా రాయవచ్చు. తెర మీద రెండూ అచ్చం ఒకేలా కనిపిస్తాయి. భైంసా అన్న ఊరి పేరును మేము ప్రత్యేకంగా దీనికోసమే పెట్టుకున్నాం.

భైంసా పేరుతో రెండు ఫైళ్లు, ఒక్కో రూపంలో ఒకటి సృష్టిస్తే, లినక్స్‌లో రెండు ఫైళ్లు ఉంటాయి, విండోస్‌లోనూ రెండే. మ్యాక్‌లో ఒకటే మిగులుతుంది, రెండోది మొదటిదాని మీద రాసేస్తుంది. మ్యాక్ ఫైళ్లను దాచే ఏపీఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ పేరును మనం ఇచ్చిన రూపంలోనే దాచుకుంటుంది కానీ, వెతికేటప్పుడు రెండు రూపాలనూ ఒకటిగానే చూస్తుంది. పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఇంకో అడుగు ముందుకెళ్లి, పేరును విడగొట్టిన రూపంలోకి మార్చే దాచేది. అలాంటి పాత డిస్క్ నుంచి వచ్చిన ఫైళ్ల పేర్లను జాబితాగా తీసి పేరిస్తే భైంసా 'భె'తో మొదలయ్యే పేర్ల మధ్యలోకి వస్తుంది.

పరిష్కారం: లోపలికి వచ్చే ప్రతి మాటనూ ఎన్‌ఎఫ్‌సీ (ఐత్వం ఒకే సంకేతంగా ఉండే) రూపంలోకి మార్చాకే అక్షరాలుగా విడగొట్టాలి. అయితే ఫైలు తెరవడానికి మాత్రం సిస్టమ్ ఇచ్చిన పేరునే వాడాలి. దాన్ని కూడా ఎన్‌ఎఫ్‌సీ చేస్తే లినక్స్‌లో ఆ పేరుతో ఫైలు దొరకదు. పేర్చడానికి ఒక పేరు, తెరవడానికి ఇంకొకటి. ఈ రెండింటినీ కోడ్‌లో వేర్వేరు వేరియబుల్స్‌లో ఉంచాం.

ఫైలు పేరు పొడవు దగ్గర తేడా ఇంకో తీరుగా ఉంటుంది. లినక్స్‌లో పేరుకు 255 బైట్లు హద్దు. తెలుగు సంకేతానికి మూడు బైట్లు కాబట్టి నాలుగు బైట్ల ఎక్స్‌టెన్షన్ పోగా 83 సంకేతాలే పడతాయి. గుణింతాలు, ఒత్తులు లెక్కపెడితే అది నలభై, యాభై అక్షరాలకు మించదు. విండోస్‌లో 255 అన్నది బైట్లు కావు, పదహారు బిట్ల యూనిట్లు, తెలుగు సంకేతానికి ఒకటి. పుస్తకం పూర్తి పేరుతో ఫైలు సేవ్ చేసే సదుపాయం విండోస్‌లో హాయిగా నడిచి లినక్స్‌లో పడిపోవడానికి కారణం ఇదే. బైట్లు లెక్కపెట్టి, అక్షరం మధ్యలో తెగకుండా కత్తిరించే ఫంక్షన్ రాయాల్సి వచ్చింది.

లైను చివర

విండోస్ యంత్రం మీద గిట్ డిఫాల్ట్‌గా టెక్స్ట్ ఫైళ్ల లైను చివరలను మార్చి ఇస్తుంది, ప్రతి లైను చివర 13, 10 అని రెండు బైట్లుంటాయి. పైథాన్ టెక్స్ట్ మోడ్‌లో చదివితే తేడా తెలియదు. మా సీ భాగం బైట్లను నేరుగా చదువుతుంది, కాబట్టి 13 ప్రతి పేరు చివరి అక్షరానికి అంటుకునేది. దీనికి రెండు వైపులా పని చేయాలి. గిట్‌యాట్రిబ్యూట్స్ ఫైలులో పరీక్ష డేటాకు లైను చివర ఎల్‌ఎఫ్ (10) మాత్రమే అని రాస్తే పోలికలు స్థిరంగా ఉంటాయి. అంతటితో ఆగితే మళ్లీ యంత్రాన్ని సర్దినట్టే, ఎందుకంటే నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసిన నిజమైన ఫైళ్లు 13తోనే వస్తాయి. కనుక 13 ఉన్న ఫైలును పరీక్ష లోపలే బైట్లుగా సృష్టించి, దాన్నీ సరిగ్గా చదువుతోందో లేదో చూస్తాం.

విండోస్‌లో తెరిచి ఉన్న ఫైలును చెరపలేం, దాని పేరు మార్చలేం. తాత్కాలిక ఫైళ్లు వాడే పరీక్షల్లో సగం ఎర్రర్లు అక్కడివే, ప్రతి ఫైలునూ, పని అయ్యాక దానంతట అదే మూసే 'విత్' కింద తెరిస్తే పోతాయి. తెరిచే ఫైలు పేరులో ఇంగ్లిష్ పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా ఉంటే విండోస్, మ్యాక్ మామూలుగా పట్టించుకోవు, లినక్స్ పడేస్తుంది.

సీ భాగం

ఇక్కడ తెలుగుకు ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది, వివరంగా చెప్పాలి. సీలో బైటును దాచే మామూలు చార్ టైపుకు రుణ గుర్తు (మైనస్) ఉంటుందా ఉండదా అన్నది భాష తేల్చలేదు, కోడ్‌ను యంత్ర భాషలోకి మార్చే కంపైలర్‌కు వదిలేసింది. ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్ల మీద లినక్స్, విండోస్ రెండింటిలో గుర్తు ఉంటుంది, కాబట్టి 127 దాటిన బైటు రుణ సంఖ్య అవుతుంది. తెలుగు బైట్లన్నీ 127 దాటినవే. 'సున్నా కన్నా తక్కువైతే తెలుగు, కాకపోతే ఇంగ్లిష్' అని రాసిన కోడ్ అక్కడ చక్కగా నడుస్తుంది. ఆర్మ్ ప్రాసెసర్ మీద లినక్స్‌లో చార్‌కు గుర్తు ఉండదు. అక్కడ ఏ బైటూ సున్నా కన్నా తక్కువ కాదు కనుక తెలుగు మాటంతా ఇంగ్లిష్ దారిలోకి పోయి, ఒక్కో బైటు ఒక్కో అక్షరంగా లెక్కకొస్తుంది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద వాడేవాళ్లకు ఇది తగులుతుంది.

యాపిల్ కొత్త మ్యాక్‌లలోనూ ఆర్మ్ ప్రాసెసరే కదా, మ్యాక్ జాబ్ పట్టుకోదా అంటే, పట్టుకోదు. యాపిల్ తన కంపైలర్‌లో చార్‌కు గుర్తు ఉంచింది. లినక్స్ ఆర్మ్ జాబ్ విడిగా పెట్టింది అందుకే. ఆ యంత్రం దొరకనివాళ్లు మామూలు లినక్స్ మీదే జీసీసీ కంపైలర్‌కు చార్‌ను గుర్తు లేనిదిగా తీసుకోమనే ఆప్షన్ ఇచ్చి ఒక జాబ్ నడపవచ్చు, ఈ తప్పు అందులోనూ బయటపడుతుంది. కోడ్‌లో మాత్రం బైట్లన్నింటినీ గుర్తు లేని ఎనిమిది బిట్ల టైపుగానే ప్రకటించాలి.

సీలో సంఖ్యలు దాచే లాంగ్ టైపు 64 బిట్ల లినక్స్, మ్యాక్‌లలో 64 బిట్లు, 64 బిట్ల విండోస్‌లో 32 బిట్లే. పేర్చడానికి వాడే కీని (పేరును బట్టి కట్టిన సంఖ్య) లాంగ్‌లో కూరితే విండోస్‌లో పై సగం పోతుంది. పేరు మొదటి అక్షరాలు పై బిట్లలో ఉంటాయి కాబట్టి పోయేది సరిగ్గా అవసరమైన భాగమే. ఫలితం వరస లేని జాబితా, ఎర్రర్ ఉండదు. కొలత స్పష్టంగా చెప్పే 64 బిట్ల టైపు వాడాలి.

మూడోది, ఫైలు తెరవడం. విండోస్‌లో ఫైళ్లు తెరిచే సీ ఫంక్షన్ ఎఫ్‌ఓపెన్‌కు యూటీఎఫ్-8 దారి ఇస్తే తెలుగు పేరున్న ఫోల్డర్ దొరకదు. వాడేవాళ్లు విండోస్‌లో తమ యూజర్ పేరే తెలుగులో పెట్టుకుంటే డెస్క్‌టాప్ మీది ప్రతి ఫైలు దారిలోనూ తెలుగు ఉంటుంది. సీలో ఫైళ్లు తెరవడం పూర్తిగా మానేసి, పైథాన్‌లో తెరిచి బైట్లు మాత్రమే సీకి పంపుతున్నాం. పరీక్షలన్నీ 'కాజీపేట జంక్షన్' అనే ఫోల్డర్ సృష్టించి అందులోంచే నడుస్తాయి. పేరులో తెలుగు ఉంది, ఖాళీ ఉంది, పొల్లు ఉంది. ఒక్క లైను మార్పుతో వచ్చే లాభం ఎంతో.

పొల్లుతో ముగిసే మాటలు మెమరీ తప్పులకు మంచి పరీక్ష. వరంగల్ అన్న మాట చివర పొల్లు చూడగానే, తర్వాత హల్లు వస్తుందేమోనని కోడ్ మూడు బైట్లు ముందుకు చూస్తుంది. అక్కడ మాట అయిపోయింది. హద్దు చూడకపోతే పక్క మెమరీ చదువుతుంది, చాలాసార్లు ఏమీ కాదు, ఎప్పుడో ఒకసారి లేని ఒత్తు పుడుతుంది. లినక్స్ మీద మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్‌తో ఒక జాబ్ నడిపితే ఖచ్చితమైన లైను చూపిస్తుంది. పైథాన్ సొంత మెమరీ పద్ధతి చిన్న తప్పులను దాచేస్తుంది కాబట్టి, ఆ జాబ్‌లో పైథాన్‌ను సీలో మెమరీ ఇచ్చే మామూలు మ్యాలాక్ వాడమని చెప్పాలి. ఇది యంత్రాన్ని మార్చడమే, కాకపోతే తప్పును దాచడానికి కాదు, బయటకు లాగడానికి.

పరీక్షించాల్సింది ఏది

రిపో ఫోల్డర్‌లోనే పరీక్షలు నడిపితే పైథాన్ పక్కనే ఉన్న సోర్సు కోడ్‌ను ఇంపోర్ట్ చేసుకుంటుంది. వాడేవాళ్లకు చేరేది అది కాదు, వీల్ ఫైలు, అంటే ఇన్‌స్టాల్‌కు సిద్ధంగా కట్టిన ప్యాకేజీ. మా వరస పట్టిక ఒక డేటా ఫైలు. దాన్ని ప్యాకేజీ సెట్టింగుల్లో ప్రకటించకపోతే వీల్‌లోకి చేరదు, రిపోలో మాత్రం అన్ని పరీక్షలూ నెగ్గుతాయి. అందుకే ఒక జాబ్ సోర్స్ ప్యాకెట్‌ను తయారుచేస్తుంది. మిగతా జాబ్‌లు దాన్ని దించుకుని, అందులోంచి వీల్ బిల్డ్ చేసి, కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (మిగతావాటితో కలవని విడి పైథాన్) ఇన్‌స్టాల్ చేసి, రిపో బయటి ఫోల్డర్‌లోంచి పరీక్షిస్తాయి. కోడ్‌ను ఎస్‌ఆర్‌సీ అనే లోపలి ఫోల్డర్‌లోకి మార్చడం కూడా పొరపాటు ఇంపోర్ట్‌లను ఆపుతుంది.

విడుదలకు వీల్స్ తయారుచేయడం సీఐబిల్డ్‌వీల్ అనే సాధనం చేస్తుంది. ఉబుంటు 24.04 మీద నేరుగా బిల్డ్ చేసిన సీ భాగం అక్కడి జీలిబ్‌సీ (లినక్స్‌లోని సీ లైబ్రరీ) 2.39 మీద ఆధారపడవచ్చు, పాత లినక్స్‌లో 'ఆ వెర్షన్ దొరకలేదు' అని ఆగుతుంది. వీల్స్ బిల్డ్ చేయడానికే ఉన్న మెనీలినక్స్ 2_28 కంటైనర్ అల్మాలినక్స్ 8 మీద నడుస్తుంది కాబట్టి, జీలిబ్‌సీ 2.28, ఆ తర్వాతివి ఉన్న లినక్స్‌లన్నిటికీ సరిపోయే వీల్ వస్తుంది. పైథాన్ ప్యాకేజీలు దొరికే పీవైపీఐ సైటులో ఒకసారి ఎక్కించిన ఫైలు పేరుతో మళ్లీ ఇంకోటి ఎక్కించనివ్వరు. అందుకే ముందు టెస్ట్ పీవైపీఐకి పంపి, అక్కడి నుంచి ఇన్‌స్టాల్ చేసి చూశాకే అసలుదానికి పంపుతాం.

క్లౌడ్‌లో దొరకనివి

గిట్‌హబ్ ఇచ్చే మామూలు విండోస్ యంత్రం విండోస్ సర్వర్. షాపుల్లో ఉన్నది విండోస్ 10, 11, అక్కడక్కడ 7 కూడా. విండోస్ 7 మీద నడిచే చివరి పైథాన్ 3.8, దాన్ని మేము సపోర్ట్ చేయడం లేదు. ఆ సంగతి ప్యాకేజీ సెట్టింగుల్లోనూ మొదటి పేజీలోనూ రాశాం. విండోస్ 10 కోసం హన్మకొండలోనే ఒక డెస్క్‌టాప్‌ను సెల్ఫ్-హోస్టెడ్ రన్నర్‌గా (గిట్‌హబ్ జాబ్‌లు నడిపే సొంత యంత్రంగా) పెట్టాం, యూజర్ పేరు తెలుగులో ఉంది. అది విడుదలకు ముందు, మనిషి బటన్ నొక్కితేనే నడుస్తుంది. బయటివాళ్ల పుల్ రిక్వెస్ట్‌లకు దాన్ని అస్సలు తగిలించకూడదు. పబ్లిక్ రిపోలో ఎవరైనా తమ కోడ్‌ను మన ఇంటి నెట్‌వర్క్‌లో నడిపే అవకాశం ఇచ్చినట్టవుతుంది. కరెంటు పోయి యంత్రం ఆగితే జాబ్ 24 గంటలు వరసలో వేచి ఉండి ఫెయిల్ అవుతుంది, కాబట్టి దాన్ని తప్పనిసరి పరీక్షల్లో చేర్చలేదు.

భద్రతకు ఇంకో రెండు. వర్క్‌ఫ్లోకు, అంటే ఈ జాబ్‌లన్నిటి ఏర్పాటుకు, చదివే అనుమతి మాత్రమే ఇవ్వాలి. బయటి యాక్షన్లను (ఇతరులు రాసిపెట్టిన స్టెప్‌లు) ట్యాగ్ పేరుతో కాకుండా పూర్తి కమిట్ హ్యాష్‌తో (ఆ కమిట్‌కు మారని గుర్తింపు) పిలవాలి. ఆ రిపోలో రాసే అనుమతి చేజిక్కినవాళ్లు ట్యాగ్‌ను ఇంకో కమిట్‌కు మళ్లించగలరు. 2025 మార్చిలో వేల రిపోలు వాడే ఒక యాక్షన్‌కు సరిగ్గా అదే జరిగింది.

పుల్ రిక్వెస్ట్‌లకు యంత్రాల వెర్షన్లను పేరుపెట్టి స్థిరంగా ఉంచాం, ఉబుంటు 24.04 లాగా. 'లేటెస్ట్' అంటే గిట్‌హబ్ దాన్ని మార్చిన రోజు, కోడ్ పంపినవాళ్లకు సంబంధం లేని ఎర్రర్లు వాళ్ల మీద పడతాయి. 'లేటెస్ట్'తో నడిచే రన్ వారానికి ఒకటి విడిగా ఉంది, కొత్త యంత్రాలతో వచ్చే తేడాలు అందులో ముందే తెలుస్తాయి. దాని సమయం మేము యూటీసీలో (అంతర్జాతీయ ప్రమాణ కాలం) 18:47 అని రాశాం, అంటే మనకు అర్ధరాత్రి దాటాక 12:17. గంట మొదట్లో పెడితే రద్దీ వల్ల ఆలస్యమవుతుంది. పబ్లిక్ రిపోలో 60 రోజులు ఏ కదలికా లేకపోతే గిట్‌హబ్ ఇలాంటి సమయం పెట్టిన రన్‌లను ఆపేస్తుంది. మాలాంటి చిన్న ప్యాకేజీలో రెండు నెలలు కమిట్ లేకుండా గడవడం మామూలే. ఆగిపోతే యాక్షన్స్ పేజీలోకి వెళ్లి మళ్లీ ఎనేబుల్ చేసేదాకా అది నడవదు, కాబట్టి ప్రతి విడుదల చెక్‌లిస్టులో 'వారపు రన్ నడుస్తోందా' అన్న లైను ఒకటి పెట్టుకున్నాం.